నిప్పు ఎన్నేళ్లకోసారి వస్తే అడవి అడవిగా నిలుస్తుంది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. కార్చిచ్చు అడవిని నాశనం చేస్తుందా, లేక అడవికి అది అవసరమా? అడవిని కాపాడవలసిన వాళ్లే దానికి నిప్పు పెట్టడం ఎలా సమంజసం? పెద్ద మంట చల్లారిన తర్వాత వెంటనే మొక్కలు నాటకుండా వదిలేయడం నిర్లక్ష్యం కాదా? అడవుల్లో నిప్పును ఆర్పే పనిలోను, నిప్పు పెట్టే పనిలోను చాలా ఏళ్లు గడిపినవాడిగా నాకు అర్థమైనంతవరకు ఈ మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఒక మంటకూ మరో మంటకూ మధ్య ఎంత కాలం గడిచిందన్నదే ఆ చోటు.

"కార్చిచ్చు" అనే ఒక్క పేరు కింద మనం పోలికే లేని సంగతులను కలిపేస్తుంటాం. మోకాలెత్తు కూడా లేని మంట ఎండుటాకులను, గడ్డిని తింటూ చెట్ల మొదళ్ల మధ్య నుంచి నెమ్మదిగా సాగిపోవడం ఒకటి. కింది పొదలను పట్టుకుని కొమ్మల్లోకి ఎగబాకి, ఒక చెట్టు తల నుంచి మరో చెట్టు తలకు అంటుకుంటూ పోవడం మరొకటి. పైకి మంటే కనిపించకుండా, బురదనేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న పీట్, అంటే సగం కుళ్లిన మొక్కల పొర, లోలోపల నెలల తరబడి రగలడం ఇంకొకటి. ఒక ప్రాంతంలో ఇలాంటి మంటలు ఎన్నేళ్లకోసారి, ఏ ఋతువులో, ఎంత తీవ్రతతో, ఎంత మేర వస్తుంటాయో, ఆ మొత్తం అలవాటును శాస్త్రజ్ఞులు ఫైర్ రెజీమ్ అంటారు. నేను దాన్ని నిప్పు వరస అంటాను. అక్కడి చెట్టూ చేమా పురుగూ పుట్రా వేల ఏళ్లుగా ఆ వరసకు అలవాటు పడి ఉంటాయి. ఆ వరస తప్పినప్పుడే, అది ఆలస్యమైనా సరే, తొందరపడినా సరే, అసలు నష్టం మొదలవుతుంది.

ముందుగా అలవాటు పడడమంటే ఏమిటో చూడండి. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలోని లాంగ్‌లీఫ్ పైన్ మొక్క పుట్టిన తర్వాత కొన్నేళ్లపాటు చూడడానికి గడ్డిదుబ్బులాగే ఉంటుంది. ఆ కాలమంతా అది పైకి ఎదగకుండా లోతైన తల్లివేరును పెంచుకుంటుంది, దట్టమైన పొడవాటి ఆకులు నడిమి మొగ్గను కప్పి ఉంచుతాయి. మంట వస్తే ఆకుల కొసలు కాలుతాయి, మొగ్గ బతుకుతుంది. వేరులో సత్తువ చేరిన తర్వాత ఒక్కసారిగా పైకి లేచి, తర్వాతి మంటకు అందనంత ఎత్తుకు తన మొగ్గను తీసుకుపోతుంది. రెండు మూడేళ్లకోసారి నేల మంట వచ్చే చోట తప్ప ఈ పద్ధతికి అర్థమే లేదు. మంట ఆగిపోతే వెడల్పాటి ఆకుల చెట్లు కింద దట్టంగా పెరిగి, దాని పిల్లలకు వెలుతురు అందకుండా చేస్తాయి. ఈ అడవి ఒకప్పుడు దాదాపు 9 కోట్ల ఎకరాల్లో ఉండేది. కలప కోసం నరికినదీ సాగులోకి పోయినదీ పోగా, మిగిలిన చోట నిప్పు లేకపోవడం వల్ల కూడా అది కుంచించుకుపోయి ఒక దశలో 40 లక్షల ఎకరాల లోపుకు పడిపోయింది. దాని మీదే ఆధారపడిన ఎర్రటోపీ వడ్రంగిపిట్ట, అంటే రెడ్ కాకేడెడ్ వుడ్‌పెకర్, కూడా దానితోపాటే అంతరించే స్థితికి వచ్చింది.

పశ్చిమ అమెరికాలోని లాడ్జ్‌పోల్ పైన్ దారి ఇందుకు పూర్తిగా భిన్నం. దాని బెరడు పలుచన, మంట తగిలితే చెట్టు చనిపోతుంది. అయితే దాని కాయల్లో చాలా వాటిని జిగురు గట్టిగా మూసి ఉంచుతుంది, ఆ జిగురు మంట వేడికే కరుగుతుంది. తల్లిచెట్టు చనిపోయిన రోజే దాని కొమ్మల మీద ఏళ్ల తరబడి దాచుకున్న విత్తనాలన్నీ బూడిద పరచుకున్న నేల మీద రాలతాయి. ఈ చెట్టు కోరుకునేది వంద, రెండు వందలు, ఒక్కోచోట మూడు వందల ఏళ్లకోసారి వచ్చే పెద్ద మంట. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు ఫిన్‌బోస్ పొదలకు పది పదిహేనేళ్లకోసారి మంట కావాలి. అక్కడి విత్తనాల్లో చాలా వాటికి వేడి కంటే పొగే ముఖ్యం, ఫైర్ లిల్లీ అనే దుంపమొక్క మంట వెళ్లిన కొద్ది రోజులకే ఎర్రగా పూస్తుంది. పొగలో మొలకను నిద్రలేపే రసాయనాన్ని 2004లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గుర్తించి, తర్వాత ఆ కుటుంబానికి కారికిన్లు అని పేరు పెట్టారు. ఆ పేరులోని మొదటి భాగం, అక్కడి మూలవాసులైన నూంగార్ల భాషలో పొగను సూచించే మాట నుంచే వచ్చింది. కాలిన మాను కోసమే వెతుక్కుంటూ వచ్చే పురుగులు కూడా ఉన్నాయి. మెలనోఫిలా జాతి నల్ల పురుగు రొమ్ము పక్కన వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, అది ఇంకా పొగలు కక్కుతున్న మాను మీదే గుడ్లు పెడుతుంది. ఆ పురుగు పిల్లల కోసం నల్లవీపు వడ్రంగిపిట్ట కాలిన అడవిలో కాపురం పెడుతుంది. మన కంటికి శ్మశానంలా కనిపించే ఆ చోటు వాటికి పంటకాలం.

నేల సంగతి కూడా అపోహలకు ఆస్కారమిచ్చేదే. మట్టి వేడిని లోపలికి పోనివ్వదు కాబట్టి సాధారణ నేల మంటలో నాలుగైదు సెంటీమీటర్ల కింద వేళ్లు, విత్తనాలు, శిలీంధ్రాలు చాలావరకు భద్రంగానే ఉంటాయి. నత్రజనిలో కొంత గాలిలో కలిసిపోతుంది, కాల్షియం, పొటాషియం, భాస్వరం బూడిదలో మిగిలి తొలి వానకు నేలలోకి దిగుతాయి. దశాబ్దాలుగా పేరుకున్న దుంగలు, మందపాటి ఆకుచెత్త ఒకే చోట గంటల తరబడి కాలినప్పుడు పరిస్థితి మారుతుంది. వేళ్లు మాడిపోతాయి, మట్టి రేణువులకు మైనం లాంటి పూత పట్టి నీరు ఇంకని పొర ఏర్పడుతుంది. అంటే నేలకు జరిగే హాని కూడా మంట వల్ల అనేకంటే, మంటకు ముందు ఎంత సరుకు పోగుపడిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఒక మినహాయింపును ఇక్కడే చెప్పాలి, లేకపోతే నా మాటలు తప్పుదోవ పట్టించగలవు. అమెజాన్ వంటి తడి ఉష్ణమండలపు అడవులకు సహజంగా నిప్పు వరస లేదనే చెప్పాలి. అక్కడి చెట్ల బెరడు పలుచన, చీలమండల ఎత్తు మంట కూడా వాటిని చంపగలదు. ఒకసారి కాలిన చోట కొమ్మల పందిరి చిల్లులు పడి, ఎండ దిగి, రెండో మంటకు దారి సుగమమవుతుంది. ఇండొనేసియా పీట్ నేలల్లో 1997లోను, 2015లోను రేగిన మంటలు కాలువలు తవ్వి నీరు తోడేసిన చోట్ల రేగినవి. అక్కడ భూమిని చూసుకునేవాళ్లు చేయవలసిన పని కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను మళ్లీ తడపడమే. నిప్పు అడవికి మేలని ఎవరైనా అన్నప్పుడు, ఏ అడవికి అని అడగడం మరిచిపోకండి.

ఇప్పుడు వరస తప్పిన తీరు. పశ్చిమ అమెరికాలోని పాండెరోసా పైన్ అడవుల్లో పాత చెట్ల వలయాల మీద మిగిలిన కాలిన మచ్చలను లెక్కపెడితే, శతాబ్దాలపాటు అయిదు నుంచి పాతికేళ్లకోసారి నేల మంట వచ్చినట్టు తేలుతుంది. మందపాటి బెరడున్న పెద్ద చెట్లు, వాటి మధ్య గడ్డి, అక్కడక్కడ పొదలు, ఇదీ ఆ అడవి రూపం. 19వ శతాబ్దం చివరలో గొర్రెల, పశువుల మందలు గడ్డిని మేసేసి మంటకు మేత లేకుండా చేశాయి. తరతరాలుగా నిప్పు పెడుతూ వచ్చిన మూలవాసులను ఆ నేలల నుంచి తరిమేశారు. తర్వాత 1910 ఆగస్టులో ఐడహో, మొంటానా ప్రాంతాల్లో రెండు రోజుల గాలికి సుమారు 30 లక్షల ఎకరాలు కాలి, 80 మందికి పైగా చనిపోయారు. అప్పటికి అయిదేళ్ల వయసున్న అమెరికా అటవీ సర్వీసు మీద ఆ మంట చెరగని ముద్ర వేసింది. 1935లో, ఎక్కడ మంట కనిపించినా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి తేవాలన్న నియమం వచ్చింది. ఇవాళ దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం సులువు, నాకు మాత్రం అది న్యాయమనిపించదు. చనిపోయిన సహచరులను మోసుకొచ్చిన తరం పెట్టిన నియమం అది. అయినా దాని ఫలితం ఫలితమే. ఎకరాకు కొన్ని పదుల చెట్లుండే చోట వందల చెట్లు లేచాయి, నేల మీది మంట కొమ్మల్లోకి ఎక్కడానికి ఆ చిన్న చెట్లే నిచ్చెనలయ్యాయి. పది మంటల్లో కొద్దికొద్దిగా కాలవలసిన సరుకంతా ఒక్క మంట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

కాలిఫోర్నియా కొండల్లోని జెయింట్ సెక్వోయాల కథ ఇంకా బాధాకరమైనది. రెండడుగుల దాకా మందమున్న బెరడుతో, మూడు వేల ఏళ్లు బతకగల ఈ చెట్లకు మంట పాత బంధువు లాంటిది. మూసుకున్న కాయలు వేడికి ఆరి విచ్చుకుంటాయి, విత్తనం ఆకుచెత్త లేని వట్టి నేల మీదే మొలకెత్తుతుంది. మంటలను ఆర్పుతూ వచ్చిన తోపుల్లో పిల్లచెట్లే కనిపించడం లేదని 1960లలో పరిశోధకులు గమనించారు. 1963లో, వన్యప్రాణుల నిర్వహణపై ప్రభుత్వం వేసిన లియోపాల్డ్ కమిటీ నివేదిక, పార్కుల్లో నిప్పుకు మళ్లీ చోటివ్వాలని చెప్పింది. 1968లో జాతీయ పార్కుల సర్వీసు, 1978లో అటవీ సర్వీసు తమ విధానాలను మార్చుకున్నాయి. మారినా, నిప్పు పెట్టగలిగిన విస్తీర్ణం పేరుకుపోయిన బాకీ ముందు చాలదు. 2020, 2021 సంవత్సరాల్లో వచ్చిన మూడు పెద్ద మంటల్లోనే సియెర్రా నెవాడాలోని పెద్ద సెక్వోయాల్లో 13 నుంచి 19 శాతం దాకా చనిపోయాయని అక్కడి అంచనా. అదే సమయంలో జెయింట్ ఫారెస్ట్ తోపులో, దశాబ్దాలుగా ముందస్తు మంటలు పెడుతూ వచ్చిన చోట, మంట లోపలికి వచ్చేసరికి తీవ్రత తగ్గి నేల మీదే సాగింది. మీ రెండో ప్రశ్నకు నా దగ్గరున్న అతి బలమైన జవాబు ఇదే.

వరస తొందరపడడం కూడా అంతే ప్రమాదం. అమెరికాలోని సేజ్ పొదల మైదానాలకు మంట చాలా దశాబ్దాలకోసారి వచ్చేది. యురేషియా నుంచి వచ్చిన చీట్‌గ్రాస్ అనే కలుపుగడ్డి వేసవి మొదట్లోనే ఎండి, పొదల మధ్య ఖాళీలను నింపేసి, కొన్నిచోట్ల మంటల మధ్య వ్యవధిని పదేళ్ల లోపుకు తెచ్చేసింది. కాలిన సేజ్ మళ్లీ చిగురించదు, విత్తనం నుంచి లేవవలసిందే, అంత గడువు దానికి దొరకడం లేదు. అటువంటి చోట ఏ అధికారైనా "ప్రకృతి సహజం" అంటూ మంటను వదిలేస్తే అది తప్పే. అక్కడ త్వరగా ఆర్పడం, సులువుగా అంటుకోని మొక్కలతో పట్టీలు పెంచడం, సేజ్ విత్తనం చల్లడం సరైన పనులు. ఒకే దేశంలో, ఒకే శాఖ, ఒక జిల్లాలో నిప్పు పెడుతూ మరో జిల్లాలో ఆర్పుతూ ఉండడం చూసేవాళ్లకు వైరుధ్యంలా తోస్తుంది. రెండు చోట్లా వాళ్లు చూస్తున్నది మంటల మధ్య వ్యవధినే.

ఇక నిప్పు ఎలా పెడతారో చెబుతాను, ఎందుకంటే దీన్ని అగ్గిపుల్ల గీసి వదిలేయడమని ఊహించుకునేవాళ్లు చాలామంది. ఆ రోజుకు నెలల ముందే ఏ తునకను కాల్చాలి, దేనికోసం, ఏ చెట్లు బతకాలి, ఏ మందం పుల్లలు కాలాలి అన్నది రాతపూర్వకంగా ఉంటుంది. పడి ఉన్న కట్టెను మందాన్ని బట్టి ఒక గంట, పది గంటల, వంద గంటల, వెయ్యి గంటల ఇంధనంగా విడదీస్తారు. గాలిలోని తేమ మారితే ఆ కట్టె దానికి సరిపడా తడవడానికో ఆరడానికో పట్టే కాలాన్ని బట్టి పెట్టిన పేర్లు అవి. గడ్డి గంటలో ఆరిపోతుంది, పెద్ద దుంగకు వారాలు పడుతుంది. పైపొర కాలాలి, దుంగలు మాత్రం అంటుకోకూడదు అనుకుంటే వాన పడి కొద్ది రోజులైన సమయం కావాలి. గాలిలో తేమ మరీ తక్కువైతే నిప్పురవ్వ పడిన ప్రతిచోటా అంటుకుంటుంది, మరీ ఎక్కువైతే మంట మచ్చలు మచ్చలుగా ఆగిపోతుంది. ఆగ్నేయ అమెరికా పైన్ అడవుల్లో 30 నుంచి 55 శాతం మధ్య తేమను అనువైనదిగా చూస్తారు. గాలి అసలు లేకపోవడం కూడా మంచిది కాదు. ఒకే దిక్కు నుంచి నిలకడగా వీచే సన్నగాలి ఉంటేనే మంట ఎటు పోతుందో చెప్పగలం, పొగ పైకి లేచి చెదిరిపోతుంది.

ఆ ఉదయం ముందుగా ఒక మూలన చిన్న పరీక్ష మంట పెడతారు. అది అనుకున్నట్టు నడవకపోతే పని అక్కడితో ఆపేస్తారు. అప్పటికే వచ్చి నిలబడ్డ సిబ్బంది, వాహనాలు, నీళ్ల ట్యాంకులు అన్నీ ఉండగా "ఇవాళ వద్దు" అనగలిగిన మనిషే ఈ పనిలో అందరికంటే విలువైన మనిషి అని నా గట్టి నమ్మకం. అనుకూలంగా ఉంటే గాలి పోయే దిక్కున ఉన్న అంచు నుంచి మొదలుపెడతారు. మంట గాలికి ఎదురు నడుస్తూ మెల్లగా వెనక్కి వస్తుంది, దాని వెనక నల్లటి పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ తగినంత వెడల్పయ్యాకనే మండే నూనెను చుక్కలుగా రాల్చే డ్రిప్ టార్చ్ పట్టుకున్నవాళ్లు కొద్ది మీటర్ల ఎడంతో వరసలు వరసలుగా నిప్పు పెడుతూ లోపలికి వెళతారు. ఒక్కో వరస మంట ముందున్న నల్లనేలను చేరి చల్లారుతుంది. వాలు మీద ఎప్పుడూ పైనుంచి కిందికే కాలుస్తారు, ఎందుకంటే పైకి ఎక్కే మంట వేగం ప్రతి 10 డిగ్రీల వాలుకూ సుమారు రెట్టింపవుతుందని క్షేత్రంలో వాడే లెక్క. సాయంత్రానికి మంట ఆరినా పని ఆరదు. అంచుల వెంబడి ప్రతి మొద్దునూ చేత్తో తడిమి వేడి ఉందేమో చూస్తారు, రోజుల తరబడి కాపలా ఉంటుంది.

ఇంత చేసినా అదుపు తప్పే మంటలు ఉన్నాయి, వాటిని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. 2000 మేలో న్యూ మెక్సికోలోని బాండలియర్ వద్ద పెట్టిన మంట గాలికి తప్పించుకుని లాస్ అలమాస్ పట్టణంలో 400కు పైగా కుటుంబాల ఇళ్లను కాల్చేసింది. 2022 ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలో రెండు మంటలు కలిసి 3 లక్షల 41 వేల ఎకరాలు కాలాయి. అందులో ఒకటి ఆ నెలలోనే పెట్టిన మంట, రెండోది జనవరిలో కాల్చిన కట్టెల కుప్పల్లో మంచు కింద మూడు నెలలు దాగి బయటపడ్డ నిప్పు. ఆ తర్వాత అటవీ సర్వీసు దేశమంతటా ఇటువంటి మంటలను 90 రోజులపాటు ఆపి తన పద్ధతులను తిరిగి పరిశీలించుకుంది. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లతో "నూటికి తొంభై తొమ్మిది సవ్యంగానే జరుగుతాయి" అనడం జవాబు కాదు. కాని నిప్పు పెట్టకపోవడం కూడా ఒక నిర్ణయమేనని, దాని మూల్యం కూడా ఇళ్ల రూపంలోనే, ప్రాణాల రూపంలోనే చెల్లించవలసి వస్తుందని నేను గమనించాను.

అందుకే చాలాచోట్ల నిప్పుకు ముందు నరుకుడు ఉంటుంది. పేరుకుపోయిన చిన్న చెట్లను తీసేసి, ఆ తర్వాతే నేల మంట పెడతారు. నరికి వదిలేయడం ఒక్కటే చాలదు, కొమ్మలూ రెమ్మలూ నేల మీదే ఉండిపోతే తర్వాతి మంటకు మేత సిద్ధం చేసినట్టవుతుంది. మారుమూల అడవిలో పిడుగు వల్ల అనువైన వాతావరణంలో అంటుకున్న మంటను నదులు, కొండ శిఖరాలు హద్దులుగా చూసుకుని సాగనివ్వడం కూడా ఒక పద్ధతి. 1988లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో ఈ పద్ధతి పెద్ద పరీక్షను ఎదుర్కొంది. వేసవి మొదట్లో వదిలేసిన మంటలు, మనుషుల వల్ల రేగిన మంటలు అసాధారణమైన కరవులో కలిసిపోయి దాదాపు 8 లక్షల ఎకరాలు, పార్కులో 36 శాతం, కాలాయి. వేలమంది ఆర్పలేనిదాన్ని సెప్టెంబరు 11న పడిన మంచు అదుపు చేసింది. పార్కు పోయిందని పత్రికలు రాశాయి. మరుసటి ఏడాదికే లాడ్జ్‌పోల్ మొలకలు నేలను కప్పాయి, అంతకుముందు లేని చోట్ల కూడా ఆస్పెన్ చెట్లు విత్తనం నుంచి లేవడం శాస్త్రజ్ఞులనే ఆశ్చర్యపరిచింది. లాడ్జ్‌పోల్ అడవికి అది తన వరసలో వచ్చిన మంటే.

మూలవాసుల పద్ధతి గురించి కొంచెం ఆగి చెప్పాలనిపిస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియాలోని పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో జనం ఊళ్లకు తరలిపోయిన తర్వాత, పొడికాలం చివర వచ్చే భారీ మంటలు రాతికొండల మీది మొక్కలను తుడిచిపెట్టసాగాయి. 2006 నుంచి అక్కడి సంప్రదాయ హక్కుదారులు, రేంజర్లు పొడికాలం మొదట్లో, గడ్డిలో ఇంకా పసరు ఉండగానే, రాత్రి మంచుకు ఆరిపోయే చిన్న చిన్న మంటలు పెడుతున్నారు. కాలినవీ కాలనివీ అతుకులు అతుకులుగా మిగలడంతో చివరి కాలపు పెద్ద మంటలు తగ్గాయి, వాతావరణంలోకి పోయే వాయువులు కూడా తగ్గాయి. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు ఏడాది మొదట్లో పెట్టే ఆకుచెత్త మంటను తరగు బెంకి అంటారు. దాన్ని నిషేధించిన తర్వాతే లాంటానా అనే పరాయి పొద అడవినంతా కమ్మేసిందని వాళ్లు చెబుతారు, ఆ మాటను పరిశోధకులు ఇప్పుడు శ్రద్ధగా వింటున్నారు. ఈ పద్ధతుల్లో నన్ను ఆకట్టుకునేది ఋతువు ఎంపిక. అదే గడ్డి, అదే నేల, రెండు నెలల తేడాలో పూర్తిగా వేరే మంట.

చివరిగా మీ మూడో ప్రశ్న. పెద్ద మంట తర్వాత తొలి వారాల్లో అసలు భయం మొక్కలు లేవని కాదు, వాన వస్తుందని. కాలిఫోర్నియాలో 2017 డిసెంబరు నాటి థామస్ మంట తర్వాత 2018 జనవరిలో కురిసిన వానకు దిగువనున్న మొంటెసిటో ఊరి మీదికి బురద, బండరాళ్లు దిగి 23 మంది చనిపోయారు. కాబట్టి మొదటి పని వాలులను పరిశీలించడం, బాగా కాలిన చోట గడ్డి పరచడం, తూములు శుభ్రం చేయడం, దిగువనున్నవాళ్లను హెచ్చరించడం. మొక్కల సంగతి ఆ తర్వాత. కొన్ని చెట్లయినా బతికి ఉన్న చోట ఒకటి రెండు వసంతాలు ఆగి, మొలకలు లెక్కపెట్టడమే మంచిది. మనం తెచ్చే మొక్క కంటే ఆ నేలలో దానంతటదే లేచినది ఎక్కువగా నిలుస్తుంది, నాటడానికి తొక్కిన నేల అనవసరంగా కోసుకుపోతుంది.

వదిలేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. పైన్ వంటి సూదాకుల చెట్లలో, అంటే కోనిఫర్లలో, చాలా వాటి విత్తనం తల్లిచెట్టు నుంచి రెండు వందల మీటర్లు దాటి పెద్దగా పోదు. అంతకంటే వెడల్పుగా చెట్టన్నది మిగలకుండా కాలిన తావుల్లో పొదలే స్థిరపడిపోతాయి, అక్కడ నాటవలసిందే. ఆస్ట్రేలియా ఆల్పైన్ ఆష్ చెట్టు పెద్ద మంటకు చచ్చిపోయి, కొమ్మల్లో దాచిన విత్తనం నుంచే మళ్లీ పుడుతుంది, ఆ పిల్లచెట్టు కాయ కాయడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. విక్టోరియాలో 2003 తర్వాత కొన్ని కొండలు అంత గడువు లేకుండానే రెండోసారి, మూడోసారి కాలాయి. అక్కడ అధికారులు హెలికాప్టర్ల నుంచి విత్తనం చల్లుతున్నారు, బూడిద మెత్తగా ఉన్న తొలి చలికాలంలోపే చల్లాలి, దానికి తగినంత విత్తనం ముందే సేకరించి నిల్వ ఉంచుకోవాలి. పాండెరోసా వంటి అడవుల్లో నాటేటప్పుడు కలపతోటలా దగ్గర దగ్గరగా తిన్నని వరసల్లో నాటడం నేను ఒప్పుకోను. గుంపులు గుంపులుగా, మధ్యలో గడ్డికి చోటు వదిలి నాటితే, బెరడు కొంత గట్టిపడిన వయసుకు ఆ గడ్డి మీదుగా మొదటి నేల మంటను పంపడానికి వీలుంటుంది.